తిన్నంతకే సూది

మావారికి మొదట వచ్చింది షుగరే. ఎవరమూ భయపడలేదు. ఉద్యోగమంతా నర్సంపేట, వర్ధన్నపేట రూట్లలో బస్సు కండక్టరుగా నిలబడి తిరిగిన మనిషి, రిటైరయ్యాక మంచమెక్కి టీవీ చూస్తుంటే షుగరు రాక ఏమొస్తుందని నేనే ఎగతాళి చేశాను. తర్వాత ప్యాంట్లు జారడం మొదలైంది. నడుము నొప్పికి తైలం రాస్తూ కొన్ని వారాలు పోయాయి. హనుమకొండ దవాఖానలో స్కానింగు తీస్తే క్లోమం మీద గడ్డ ఉందన్నారు, క్యాన్సరన్నారు. హైదరాబాదులో ఆపరేషన్ చేసి క్లోమం చాలావరకు తీసేశారు. ఉన్న షుగరు దాంతో ఇంకా మొండికేసింది. గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

హనుమకొండలో కీమో ఇచ్చే డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. ఇది అందరికీ వచ్చే షుగరు కాదట. షుగరు పెరిగితే దించేదీ, పడిపోతే లేపేదీ ఆ క్లోమమేనట. అది లేకపోయేసరికి, ఇన్సులిన్ సూది వేసి తిండి పెట్టకపోతే మనిషి చూస్తుండగానే పడిపోతాడట. తిండి మాన్పించొద్దు, అన్నం పెట్టండి, షుగరు సంగతి ఇన్సులిన్‌తో మేం చూసుకుంటాం అంది. బరువు ఇంకా తగ్గితే కీమో ఆపాల్సి వస్తుందని కూడా అంది. ఆ మాట నా గుండెలో మేకులా దిగింది.

అప్పటి నుంచి పూటపూటా నాకు పరీక్షే. సూది ముందు, తిండి తర్వాత. సూది వేశాక ఈయనకు వికారం పుడుతుంది, కంచం పక్కకు నెడతాడు. లోపలికి పోయిన మందును వెనక్కి లాగలేం కదా! బతిమాలేదాన్ని, తిట్టేదాన్ని, చివరికి కంచం ముందు కాపలా కూర్చునేదాన్ని. నాకన్నా పోలీసులు నయమనేవాడు. అననీ, తింటే చాలనుకునేదాన్ని. షుగరు పడిపోతే ముందు చెమటే పడుతుందట, అందుకని ఆయన నిద్రపోతుంటే నుదురు తడిగా ఉందేమోనని తడిమి చూసేదాన్ని. ఫ్యాను ఆగి చెమట పట్టినా షుగరు చూసే మిషను తెచ్చి వేలికి గుచ్చేదాన్ని.

ఇది చాలదని మా వదిన ఒకరు. ఆయన అక్క, కాజీపేటలో ఉంటుంది. ఆమెకు ఎన్నో ఏళ్లుగా షుగరు, అందుకని సగం డాక్టరు. ఆటో దిగేటప్పుడే చేతిలో కాకరకాయ రసం సీసా, సంచిలో జొన్నరొట్టెలు. అన్నం గిన్నె తీసి అలమరలో పెట్టేసేది. వదినా, నీ షుగరు వేరు, ఈయన షుగరు వేరు అని ఎంత మొత్తుకున్నా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. నా నోరు మంచిది కాదు, రెండుసార్లు గట్టిగానే అనేశాను. కానీ తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకొని పెంచింది ఆమే. ఆమెను గడప దాటి రావద్దని అనగలనా?

కీమో ముందరి శుక్రవారం మా ఇంట్లో ఉపవాస ప్రార్థన పెట్టించింది కూడా వదినే. మా చర్చి సంఘంలో ఒకరి కోసం ఉపవాసమంటే, ప్రార్థన ముగిసేదాకా ఎవరూ మంచినీళ్లు కూడా ముట్టరు. ఈయనకు మాత్రం మినహాయింపని పాస్టరు అయ్యగారే ముందుగా చెప్పారు. పొద్దున్నే సూది వేసి, లోపలి గదిలో ఇడ్లీల కంచం చేతికిచ్చి, చాపలు పరచడానికి నేను బయటికొచ్చాను. తిరిగి వెళ్లేసరికి కంచం ఖాళీ. ఇవాళ పోరు లేకుండా తిన్నాడని ఎంత సంతోషపడ్డానో.

ప్రార్థన ఊపందుకుంది. ఆయనా వచ్చి గోడకు ఆనుకొని కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి ముఖమంతా చెమటలు, చేతులు వణుకు, పెదవులు ఏదో గొణుగుతున్నాయి. పక్కనున్న ఆడవాళ్లు చూశారు. ఆత్మ తాకిందని ఒకరన్నారు. అందరూ స్తోత్రం, స్తోత్రం అంటూ గొంతు పెంచారు. వదిన రెండు చేతులూ ఎత్తి ఏడుస్తోంది. అబద్ధమెందుకు, నాకూ ఒళ్లు జలదరించింది. దేవుడు ముట్టుకున్నాడు, ఇక బాగైపోతాడు అనుకున్నాను. ఆ మాటలేమిటో విందామని దగ్గరికి జరిగి చెవి పెట్టాను.

"వర్ధన్నపేట... వర్ధన్నపేట దిగేటోళ్లు ముందుకు రావాలె" అంటున్నాడు.

చెయ్యి పట్టుకుంటే మంచుగడ్డ. పరుగున మిషను తెచ్చి వేలికి గుచ్చాను. షుగరు యాభై కూడా లేదు. ప్రార్థన ఆపమని ఎంత గట్టిగా అరిచానో, అయ్యగారు మాట మధ్యలో ఆపేశారు. ఉపవాసం విడవడానికి వంటింట్లో నిమ్మకాయ షర్బత్ కలిపి పెట్టాం. గ్లాసు తెచ్చి నోటికి పెడితే పళ్లు బిగబట్టాడు.

"ప్రార్థన కానియ్యి... అందరు ఉపాసం ఉండ్రు" అని ముద్దముద్దగా అంటున్నాడు. బతిమాలాను, గడ్డం పట్టుకున్నాను, తల తిప్పేస్తున్నాడు. ప్రార్థన అయిపోయిందని అయ్యగారు చెప్పినా వినిపించుకోవడం లేదు. ఒళ్లంతా వశం తప్పుతున్నా ఉపవాసం మాత్రం గుర్తుంది! నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. ఇక స్పృహ తప్పితే తాగించడం కూడా కుదరదు.

వదిన నా చేతిలోంచి గ్లాసు లాక్కుంది. జీవితంలో ఒక్క ఉపవాసం మధ్యలో విడవని మనిషి, చక్కెర పేరెత్తితే ముఖం చిట్లించే మనిషి, అందరి ముందూ రెండు గుక్కలు తాగింది.

"సూడు తమ్మీ, నేను తాగిన. నా ఉపాసం పోయింది. ఇగ నీదొక్కటి ఎందుకు? తాగురా" అంది.

ఆయన ఆమె ముఖంలోకి చూసి నోరు తెరిచాడు. గుక్క గుక్కగా గ్లాసంతా అయింది. కాసేపటికి వణుకు తగ్గింది, నన్ను పేరు పెట్టి పిలిచాడు. అప్పుడు లోపలి గదిలో పడుకోబెడదామని దుప్పటి దులుపుతుంటే దిండు కింద పేపర్లో చుట్టిన ఇడ్లీలు దొరికాయి. సంఘమంతా ఉందని కూడా చూడకుండా కడిగేశాను. ఇంత పని చేస్తావా, నన్ను చంపుదామనుకున్నావా అని.

"నా కోసం ఇంతమంది కడుపు మాడ్చుకుంటాండ్రు. నేనొక్కన్నే లోపల కూసోని తింటే గొంతు దిగుతదా?" అన్నాడు.

వంటింట్లోకి వెళ్లి, చల్లారిన పొయ్యి ముందు నిలబడి ఏడ్చాను.

డాక్టరమ్మకు జరిగింది చెబితే సూది పద్ధతి మార్చింది. తింటాడన్న నమ్మకం లేని పూట ముందుగా వేయొద్దు, తిన్నాక, తిన్నదాన్ని బట్టి వేయమని ఏ కొలతకు ఎంతో రాసిచ్చింది. భయం పోలేదు గానీ, దాన్ని పట్టుకోవడానికి చేతికి ఒక పిడి దొరికింది.

మరుసటి శుక్రవారం, తనకు ఉపవాసం రోజే అయినా, వదిన వచ్చింది. చేతిలో రసం సీసా లేదు. తనే అన్నం గిన్నె దించి రెండు కంచాల్లో వడ్డించింది, ఒకటి తమ్ముడికి, ఒకటి తనకు. ఎదురుగా కూర్చొని కళ్లు మూసుకుంది.

"ప్రభువా, వీడు తినాలెనని ఇయ్యాల నేను తింటాన. ఇది పాపమైతే నా మీద రాసుకో, వీని మీద రాయకు" అంది.

ఇద్దరూ తినడం మొదలుపెట్టారు. వదిన ముద్ద పెట్టుకున్నప్పుడల్లా ఆయనా ఒక ముద్ద పెట్టుకున్నాడు. నేను సూది పట్టుకొని గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆయన సగం తిన్నాడు. సగానికి సరిపడా మందు వేశాను.