నడుమ దినాల నీళ్లు

మన వాడ అక్కలకు, పెద్దమ్మలకు,

నా అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులు కూడా ఉంటాయి. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, ఏమీ అనుకోకండి. మా మామయ్య మొన్న సోమవారం తెల్లారేసరికి పోయారు. మీరంతా వచ్చారు, నా పక్కన కూర్చున్నారు. నలుగురిలో నాకు నోరు రాదు. అందుకే రాస్తున్నాను.

ఆయన చేసే పని ఏమిటో మనలో చాలామందికి సరిగ్గా తెలియదు. రోడ్డు వెడల్పు చేయాలంటే అడ్డం ఉన్న కరెంటు స్తంభాలు, నీళ్ల పైపులు పక్కకు మార్చాలి. దానికి ఎంత ఖర్చవుతుందో ముందే అంచనా వేసి రాసివ్వాలి. నీళ్ల ఆఫీసులో నౌకరీ అయిపోయాక రోడ్డు కాంట్రాక్టరు ఆయనను ఆ పనికే పెట్టుకున్నాడు. మార్చవలసిన ప్రతిదాని మీద పసుపు పెయింటుతో గుర్తు పెట్టేవారు. అది గోళ్లలో ఇరుక్కుని ఎంత కడిగినా పోయేది కాదు. "పప్పుల పసుపు ఎక్కువైందా, నీ చేతిదా?" అని అన్నం దగ్గర అత్తమ్మ ఎక్కిరించేది.

ఆయన ఎప్పుడూ ఒక మాట అనేవారు. "కొత్తది కలవకముందే పాతది తెంపుతే, నడుమ దినాలు ఎట్ల బతకాలె?" అందుకే మన వాడ అంచనాలో, కొత్త పైపు కలిసేదాకా నేల మీదనే ఒక నల్ల పైపు వేయాలని దాని ఖర్చు కూడా రాశారు.

ఆ ఖర్చు తమ మీద పడుతుందని, అది తీసేయించడానికి ఎండాకాలం మొదట్లో కాంట్రాక్టరు మేనేజరు మా ఇంటికి వచ్చాడు. మా ఆయన కూడా ఆ కాంట్రాక్టరు దగ్గరే జేసీబీ నడుపుతాడు. ఆ రోజు తనూ ఇంట్లోనే గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను చాయ్ పట్టుకుని తలుపు వెనక ఉన్నాను.

"పెద్దాయనా, ఆ నల్ల పైపు తీసెయ్యి. అన్ని దినాలు ట్యాంకర్ పంపుతం," అన్నాడు మేనేజరు.

"మీ ట్యాంకర్ కొత్త అల్లునోలె, సార్. పదిసార్లు పిలిస్తె గాని కదలదు."

మేనేజరు నవ్వలేదు. "గట్లయితే రేపటి సంది నీ కొడుకును బండెక్కనియ్యం."

నేను వచ్చి చాయ్ గ్లాసులు వాళ్ల ముందు పెట్టాను. మా ఆయన మెల్లగా, "కొట్టెయ్యి నాయినా. ఒక్క లైనే గద," అన్నాడు.

మామయ్య నావైపు తిరిగారు. "బిడ్డా, నువ్వు జెప్పు. నల్లా బందైతే నీళ్లకు యాడికి పోతవు?"

పరాయి మగవాళ్ల ముందు నేను ఎన్నడూ మాట్లాడలేదు. "సడక్ దాటి అవతలి బోరుకు పోవాలె, మామయ్యా," అన్నాను.

"ఇన్నరా సార్? లారీల నడుమ బిందె ఎత్తుకొని దాటుడుకు లెక్క ఎంత రాయమంటరు?"

మేనేజరు చాయ్ ముట్టకుండానే లేచిపోయాడు. మామయ్య ఆ అంచనాను ఉన్నదున్నట్టే ఆఫీసులో ఇచ్చి వచ్చారు. మర్నాడు మా ఆయనను గేటు దగ్గరే వెనక్కి పంపారు. తండ్రీకొడుకులకు మాటలు ఆగిపోయాయి. "ఊరందరికి నీళ్లు, మన పొయ్యి బంద్," అని అత్తమ్మ గిన్నెలు ఠంగుమనిపించేది. అంతా నా నోటి మాట వల్లే అయిందని నాకు ముద్ద దిగేది కాదు. ఒకరోజు మామయ్య నా పళ్లెంలో రొట్టె వేసి, "ఫికర్ జెయ్యకు బిడ్డా. నువ్వు ఉన్నదే చెప్పినవు," అన్నారు. కానీ ఆయన పళ్లెంలో రొట్టె అలాగే ఉంది.

చివరికి పై ఆఫీసు ఆ అంచనాను ఒప్పుకుంది. నల్ల పైపు పడింది. జేసీబీ నడిపేవాళ్లు దొరకక మా ఆయనను మళ్లీ పిలిచారు. పాత పైపు తెంపే రోజు మామయ్య ఆ బండి ముందే చెయ్యెత్తి నిలబడ్డారు. నల్ల పైపు నీళ్లు మా బిందెలో పడ్డాక, "వచ్చినయి మామయ్యా," అని కేకేశాను. అప్పుడు చెయ్యి దించారు. నేను అంత గట్టిగా అరిచింది అదొక్కసారే.

కొత్త పైపు ఇంకా కలవలేదు. అంతలోనే ఆయన గుండె ఆగిపోయింది.

సోమవారం ఆయన చివరి స్నానానికి నీళ్లు నేనే పట్టాను. మా ఆయన తండ్రి చేతులు రుద్ది రుద్ది కడిగాడు. గోళ్లలో పసుపు పోలేదు. "ఉండనియ్యి," అంది అత్తమ్మ.

మా ఆయన ఇంకా అక్కడే పని చేస్తున్నాడు. ఈ కాగితం మేనేజరు కంట పడకూడదు. ఒకరి తర్వాత ఒకరు చదివి, ఆఖరున చదివినవారు దీన్ని నీళ్ల పొయ్యిలో వేయండి. ఆ పొయ్యి మీద కాగేవి నల్ల పైపు నీళ్లే.