నున్నగా చేసిన ఎముకల మూటలు

ఆ రోజుల్లో గరుకు గోడ కనిపిస్తే నాకు అన్నం సయించేది కాదు. జగిత్యాలలో ఒక మేస్త్రీ దగ్గర జిప్సం పని నేర్చుకుని, ఇరవై రెండేళ్ళకే అల్ ఖోబర్ వచ్చి సీలింగులు వేసేవాణ్ణి. నా అంత నున్నగా ఫినిషింగ్ ఇచ్చేవాడు సౌదీ మొత్తంలో లేడని నా నమ్మకం (ఇంకెవరికీ ఆ నమ్మకం లేదనుకోండి). ఒక చలికాలం మా కఫీల్, అంటే వీసా ఇచ్చిన సౌదీ యజమాని, నన్ను ఎడారిలో ఒక జర్మన్ పెద్దాయన క్యాంపుకు నెలరోజుల పనికి పంపాడు. ఎప్పుడో బతికిన జంతువుల ఎముకలు రాళ్ళైపోతే వాటిని వెతికి తవ్వేవాడాయన. మేం ఆయన్ని రాళ్ళ డాక్టర్ అనేవాళ్ళం.

ఎముక దొరికితే చుట్టూ మట్టి తొలిచి, గోనెపట్టీలు ప్లాస్టర్‌లో ముంచి కట్టుకట్టి, అడుగున కాడలా మిగిలిన మట్టిని విరగ్గొట్టి మూటలా లేపాలి. ప్లాస్టర్ కలపడం, మూటలు మొయ్యడం నా పని. మూట మీద డాక్టర్ మార్కర్‌తో నంబరు వేసి, గుంతలో అదే నంబరు మేకు దిగ్గొట్టేవాడు. ఆ మూటలేమో ఎగుడుదిగుడుగా, పట్టీలు పైకి లేచి, చూడ్డానికే అసహ్యంగా ఉండేవి. ఒక శుక్రవారం డాక్టర్, మా కడప డ్రైవర్ భాయ్ సామాన్లకని ఖోబర్ వెళ్ళారు. నేను ఊరుకుంటానా? పన్నెండు మూటల్నీ ఉప్పు కాయితంతో రుద్ది, పైన పల్చగా ఇంకో పూత పూసి, ఇడ్లీల్లా వరసగా ఆరబెట్టాను. మెచ్చుకుంటారని స్నానం చేసి మంచి చొక్కా కూడా వేసుకున్నాను.

డాక్టర్ వచ్చి చూసి ఇసకలో కూలబడ్డాడు. తర్వాత ఇంగ్లీషులో ఏదో చాలాసేపు చెప్పాడు. భాయ్ తల పట్టుకున్నాడు.

"ఏం పని జేసినావురా నాయనా! ఎముక యే పొరలో దొరికిందో తెలిస్తేనే దానికి వయసంట. లేకుంటే ఉట్టి రాయేనంట. వాళ్ళ దేశపోళ్ళు మూడు రాతిపొరల్ని జూసి ఒక కాలానికి పేరు పెడితే, లోకమంతా ఇప్పటికీ అదే వాడతాండాదంట. ఈకల గుర్తులుండే పాతకాలం పిట్ట గూడా ఆడనే రాతిలో దొరికిందంట. ఎంతమందో పెద్దోళ్ళు సచ్చేదాకా ఆ పొరలే సదివినారంట. నువ్వు నంబర్లన్నీ ఒక్క పూటలో రుద్దేసినావంట. ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపిస్తాడేమో సూడు."

ఎగ్జిట్ మాట వినగానే భయం వేసింది. దాని వెనకే పంతం కూడా వచ్చింది.

"భాయ్, అన్ని నేనే లేపిన. ఏది ఏ గుంతలదో నేనే జూపిస్త. అప్పటిదాంక ఎగ్జిట్ మాట ఎత్తద్దని జెప్పు."

రెండు రోజులు పట్టింది. ఒక్కో మూట అడుగున నా ముచ్చటైన పూతను నా చేత్తోనే గీకి, విరిగిన చోటు బయటపెట్టి, గుంతగుంతకూ మోసుకుపోయి, కింద మిగిలిన కాడతో అంచులు కలుస్తాయా లేదా అని చూశాను. మోకాళ్ళు దోక్కుపోయాయి. డాక్టర్ భూతద్దంతో వెనకాలే ఉండి, వెంట్రుకవాసి తేడా ఉన్నా తల అడ్డంగా ఊపేవాడు. పది కలిశాయి. మిగిలిన రెండు గుంతల మీదుగా వాటర్ ట్యాంకర్ పోయి, కాడలు పిండైపోయాయి. మూటలు చూస్తే రెండూ ఒకే సైజు.

"ఏదో ఒగటి సెప్పేయ్ రా, ఆయనకేం తెలుస్తాది" అని భాయ్ చెవిలో అన్నాడు. నిజమే, ఎవరికీ తెలియదు. రెండు రోజుల బట్టి నన్ను వేధిస్తున్న ఆ భూతద్దం వైపు చూశాను.

"నో నో, సార్. రెండూ తెల్వయి," అని చెయ్యి అడ్డంగా ఊపాను.

డాక్టర్ జేబులోంచి మార్కర్ తీసి నా చేతిలో పెట్టాడు. పదింటికి నంబర్లు నన్నే వేయమన్నాడు. మిగతా రెంటి మీద ప్రశ్నార్థకం పెట్టమని గాలిలో గీసి చూపించాడు. ఎగ్జిట్ ఊసే లేదు.

ఇప్పుడు నా కింద పదిమంది పనివాళ్ళున్నారు. వాళ్ళ ఫినిషింగ్‌కు వంకలు పెడుతూనే ఉంటాను. ఆ రెండు మూటలు ఏ దేశంలో ఏ అలమరలో ఉన్నాయో తెలియదు. అంత నున్నటి పని నేను మళ్ళీ చేయలేదని మాత్రం తెలుసు. ఎవరైనా వాటిని తీసి చూస్తే, ఇంత అందంగా పూసినవాడికి ఇదెక్కడిదో కూడా తెలియదా అని నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి, మంచి చొక్కా వేసుకుని ఎదురుచూసిన ఆ పిల్లాణ్ణి తలుచుకుంటే నాకూ నవ్వే వస్తుంది.