ఆయ్ అంటే ఎనిమిది కాదండి

నేషనల్స్‌కి సెలక్టయ్యేనండి! కూర్చోండి, టీ తాగుతూ చెబుతాను. ఇప్పుడు నవ్వుతున్నాను గానీ, మొన్న మన అమలాపురం నోరే నా కొంప ముంచేసేది.

నేను బెంగుళూరులో గోల్ఫ్ క్లబ్బు కోచ్‌ని కదా. పెద్ద పెద్ద ఆఫీసర్లకి కర్ర పట్టుకోవడం నేర్పుతాను. మాలాంటి కోచ్‌లకీ ఓ నేషనల్ ఛాంపియన్‌షిప్ ఉంది. ఊరికే రానివ్వరు. ముందు జోన్‌లో కోచ్‌లందరికీ క్వాలిఫైయింగ్ పెడతారు, తక్కువ షాట్లలో ముగించిన పదిమందే వెళ్తారు. పోయినేడు నాకు ఒక్క షాట్‌తో పోయింది. ఈయేడు మా బావగారు ముందే రావులపాలెం అరటి మార్కెట్టంతా "మా బావమరిది నేషనల్స్ ఆడుతున్నాడు" అని చెప్పేసేరు! ఓడిపోతే అక్కడ బస్సు దిగగలనా, మీరే చెప్పండి?

గోల్ఫ్‌లో మన స్కోరు మనతో ఆడేవాడు రాస్తాడు. ఆఖర్న మనం చూసుకుని సంతకం పెట్టాలి. పెట్టేక, ఎక్కువ రాసున్నా అదే ఖాయం. నా స్కోరు రాసేది ఓ కూర్గు ఆయన, ఆయనా కోచే. చాలాకాలం ఆస్ట్రేలియాలో పనిచేసి వచ్చేడు.

ఆఖరి హోల్. ఆయన పొదల్లో బంతి వెతుక్కుంటుంటే నేను నాది ముగించేసేను. ఏం ఆడేననుకున్నారు! ఆయన అక్కణ్ణించే "ఫైవ్?" అని అరిచేడు. పొద్దున్నించీ "ఎస్ సార్, ఎస్ సార్" అంటున్నవాణ్ణి, ఆనందంలో "ఆయ్!" అనేసేను.

టెంట్‌లో స్కోరు కార్డు మీద సంతకానికి పెన్ను తీసేనండి. ఆఖరి గడిలో ఎనిమిది!

"ఇదేంటి సార్?"

"నువ్వేగా ఎయిట్ అన్నావు! నేను పాపం అనుకున్నాను."

"ఎయిట్ కాదండీ బాబూ, ఆయ్ అన్నాను!"

"అదేగా! ఆస్ట్రేలియాలో ఎయిట్‌ని 'ఆయిట్' అనే అంటారు."

టేబుల్ దగ్గర కార్డులు తీసుకుంటున్న మేడమ్ "ఆయ్ అంటే ఏంటి?" అని అడిగింది.

"మా కోనసీమలో ఎస్ అని మేడమ్."

"మరి ఎస్ అనొచ్చుగా?"

"ఆయ్!"

నాలిక కరుచుకున్నాను. అదృష్టం బాగుండి, మాతో ఆడిన మూడో ఆయన "ఐదే, నేను చూసేను" అన్నాడు. ఎనిమిది కొట్టేసి ఐదు వేసేరు. పోయిన ప్రాణం లేచొచ్చింది.

అక్కడితో ఊరుకోవచ్చు కదా? అబ్బే! ధైర్యం వచ్చేసింది. "చూసేరా మేడమ్, నాలుగో హోల్లోనూ ఎనిమిదే వేసేరు! అక్కడా నేను ఆయ్ అనే ఉంటాను!" అని గట్టిగా వాదించేను.

కూర్గు ఆయన నెమ్మదిగా కళ్లజోడు తీసేడు. "అక్కడ నువ్వేమీ అనలేదు తమ్ముడూ. బంతులు రెండు చెరువులో పడ్డాక నీకు మాటే రాలేదు. లెక్కపెట్టింది నేనే" అన్నాడు.

గబగబా సంతకం పెట్టేసేను. పదోవాడిగా గట్టెక్కేను, అమ్మయ్య! మన యాస చేసిన తప్పు దిద్దేరు గానీ, నా ఆట చేసిన తప్పు మాత్రం దిద్దలేదండి!