చివర అంటే ఎన్ని

నేను కుదురుగా కూర్చునే మనిషిని కాను. ఇంగ్లండులో, లీడ్స్‌లోని ఒక వృద్ధుల కేర్ హోమ్ పని నన్ను అసలే కూర్చోనివ్వలేదు. ఇరవై రెండు గదుల హీటర్లు ఒకే జత తీగ మీద బాయిలర్ రూములోని కంట్రోల్ పెట్టెతో మాట్లాడాలి. సోమవారం నుంచీ మాట తడబడుతోంది. ముసలమ్మలు గదుల్లోనే కోట్లు తొడుక్కుని టీ తాగుతున్నారు. వాళ్ళ మొహం చూడలేకపోయాను.

వైరింగ్ చేసింది మా టీంలో కొత్తగా చేరిన కడప ఆవిడ. పిల్లల కోసం ఆరేళ్ళు ఇంట్లో ఉండి మళ్ళీ ఉద్యోగానికి వచ్చింది. నన్ను ‘అన్నా’ అంటుంది. శుక్రవారంతో ఆమె ప్రొబేషన్ పూర్తి. తప్పు ఆమెదైతే ఇక ఉంచుకోనని మేనేజర్ నాతో అనేశాడు.

నా అనుమానం బయాస్ రెసిస్టర్ల మీదికి పోయింది. ఎవరూ మాట్లాడనప్పుడు తీగను ఒక పక్కకు పట్టి ఉంచేవి అవే. పట్టు చాలకపోతే ఉత్త రొదను కూడా మాటే అనుకుంటాయి యంత్రాలు. లెక్క కట్టాను, తీశాను, తక్కువ విలువవి పెట్టాను, మళ్ళీ తీశాను. రెండు రోజులు గంగపాలు. ఆమె పక్కనే టార్చి పట్టుకుని నిలబడింది. అదీ నాకు చిరాకే.

“టర్మినేషన్ ఏడ పెట్టినవ్?” అని కసిరాను.

“నువ్వు చెప్పినట్టే చివర్న పెట్టినా గదన్నా. ఇరవై రెండో రూములో.”

“మరి ఈడ, బాయిలర్ కాడ?”

“ఇది మొదలు గదన్నా!”

పంపిన మాట గోడకు తగిలినట్టు వెనక్కి రాకుండా తీగ రెండు కొసల్లోనూ నూట ఇరవై ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి, టర్మినేషన్ అంటే అదే. ఇంగ్లీషులో అయితే రెండూ ఎండ్సే. తెలుగులో తీగకు ఒకటి మొదలు, ఒకటి చివర. ఫోనులో హడావుడిగా “చివర పెట్టు, అయిపోతది” అన్నది నేనే. బాయిలర్ రూములో రెండోది బిగించి, దానికి తగ్గట్టు బయాస్ మళ్ళీ ఎంచాక గదులన్నీ ఒక్కొక్కటే పలికాయి.

శుక్రవారం మేనేజర్ తప్పెవరిదని అడిగాడు. నోరు మూసుకుంటే నాకేం పోదు. ఒక్క క్షణం మూసుకున్నాను కూడా. సిగ్గేసింది.

“నేను చెప్పినట్టే చేసింది. తెలుగులో చెప్పాను, తప్పు చెప్పాను” అన్నాను.

ఆమె ఉద్యోగం నిలిచింది. సైటులో ఇకమీదట అంతా ఇంగ్లీషులోనే మాట్లాడాలని మేనేజర్ మెయిల్ పెట్టాడు. తర్వాతి వారం నాటింగ్‌హామ్ పని దగ్గర నుంచి ఆమె ఫోన్ చేసింది.

“బోత్ ఎండ్స్?”

“బోత్ ఎండ్స్” అన్నాను.

ఫోన్ పెట్టేశాక గానీ తోచలేదు, ఆమె మాట చివర ‘అన్నా’ లేదని.