నాచు పట్టిన రేకుల మీద మా పెద్దమ్మ

మా పెద్దమ్మను చూసినవాళ్ళెవరూ ఆమె కప్పులెక్కే మనిషంటే నమ్మరు. గాలొస్తే ఎగిరిపోయేలా ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో ఆమె పని కింద నిలబడి పెదనాన్నకు బోల్టులూ రెంచీలూ తాడుకు కట్టి పంపడమే. పెదనాన్న రేకుల మేస్త్రి.

ఒకసారి ఆయన పుస్తకాల బైండింగు షెడ్డు మీద నాచు తీస్తున్నాడు. పాత ఆస్బెస్టాస్ రేకులు. నాచు మాటున ఉన్న పగులు ఆయన కంటబడలేదు. కాలు మోపగానే రేకు ఫెళ్ళుమంది. కాగితం కట్టల మీద పడబట్టి ప్రాణం దక్కింది గానీ, నడుము మాత్రం మళ్ళీ మాట వినలేదు.

ఇల్లు గడవక ఆవిడ నిచ్చెన భుజానికెత్తుకుందని చుట్టాలంటారు. అది సగమే నిజం. ఆమెకా పనంటే ఇష్టం. మంచం మీదున్న పెదనాన్న పక్కన కూర్చుని, రేకు ఎక్కడ బరువు మోస్తుంది, ఎక్కడ మొయ్యదు అని ప్రాణం తీసేది.

ఆయన విసుక్కుంటే, "పడడం ఎలాగో మీరు చూపించారు కదా, పడకుండా ఉండడం ఎలాగో చెప్పండి," అనేది. ఆయనకు నవ్వొచ్చేది. నవ్వితే నడుము నొప్పి.

కొన్నేళ్ళకు ఆ షెడ్డు యజమానే కబురు పెట్టాడు. నాచు మళ్ళీ దట్టంగా పట్టింది, వానలు ముంచుకొస్తున్నాయి. అప్పటికి నేనూ అక్కడే పుస్తకాలు కుట్టేదాన్ని.

పెదనాన్న మొహం మాడిపోయింది. "ఇన్ని కప్పులుండగా నీ కన్ను దాని మీదే పడాలటే?"

"తెలియనివాడెవడో ఎక్కి మీలాగే పడితే? అదెలాంటి కప్పో నాకు తెలుసు కదండీ."

ఆయన చేతికర్ర దగ్గరికి లాక్కున్నాడు. "అయితే నేనూ వస్తా," అన్నాడు.

యజమాని నీళ్ళు జోరుగా కొట్టే యంత్రం తెప్పిస్తానన్నాడు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "రేకు పైపొర లేచిపోతుంది సార్. అందులో సన్నటి పీచుంటుంది. ఎండితే దుమ్మై ఈ పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది."

"సరేనమ్మా, మీ పద్ధతిలోనే కానివ్వండి," అన్నాడాయన. మమ్మల్ని పక్క గదికి మార్చారు.

ముందు నాచు చచ్చే మందు చల్లి, అది గోధుమరంగుకు తిరిగేదాకా వదిలేసింది. తర్వాత మాస్కు కట్టుకుని, నడుముకు తాడు బిగించి ఎక్కింది. రేకు మీద ఒక్క అడుగు వెయ్యలేదు. కింద ఇనుప దూలాలున్నచోట పొడవాటి పలకలు పరిచి, వాటి మీదే బోర్లా పాకింది. చచ్చిన నాచును తడిపి, చెక్క గరిటెతో మెల్లగా పైకి లేపి సంచుల్లో కట్టింది. పొడిగా ఒక్క ముద్ద కూడా గీకలేదు.

పెదనాన్న ఆవరణలో కుర్చీ వేసుకుని అరుస్తున్నాడు. "బోల్టుల వరుస మీద పెట్టు పలక, దూలం ఉండేది అక్కడే!"

"అక్కడే పెట్టానండీ! మీరు టీ తాగండి!"

ఆయన పడ్డచోటికి చేరేసరికి ఆమె చెయ్యి ఆగింది. "ఏవండీ, మీరు పడ్డ రేకు అప్పుడే మార్చారు గానీ, దాని పక్కదీ పగిలుంది. నాచు కింద వేలికి తగులుతోంది."

చేతికర్ర లేనిదే లేవని మనిషి, ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాడు. "చెయ్యి తియ్యి. మోకాలు ఆనించకు. వచ్చిన దారినే వెనక్కి పాకు." ఈసారి ఆమె ఎదురు చెప్పలేదు. అంగుళం అంగుళం వెనక్కి జరిగింది. ఆమె కాళ్ళు నిచ్చెనకు తగిలాకే ఆయన మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

మర్నాడు ఇద్దరు మనుషుల సాయంతో ఆ రేకును తడిపి, బోల్టులు విప్పి, చిన్న ముక్క కూడా ఊడకుండా కిందికి దించి, దాని చోట కొత్త రేకు బిగించింది.

వానలొచ్చాయి. షెడ్డు మీద దడదడలాడుతుంటే మేమంతా తలలెత్తి చూశాం. కాగితం మీద ఒక్క చుక్క పడలేదు. "మా పెద్దమ్మ చేసిన కప్పు," అని ఆ రోజు అందరికీ చెప్పాను. వినేసిన వాళ్ళకి కూడా మళ్ళీ చెప్పాను.

ఆ వారమే ఇంకో షెడ్డు యజమాని పెద్దమ్మ వాళ్ళింటికొచ్చి, గుమ్మంలో ఉన్న పెదనాన్నను, "మేస్త్రిగారు మీరేనా?" అనడిగాడు.

పెదనాన్న వీలైనంత నిటారుగా కూర్చున్నాడు. "నేను కాదండీ, మా ఆవిడ. చేతులు కడుక్కుంటోంది, కూర్చోండి."