జానెడు మేర

క్యోటోలో మా సందుకొక లెక్క ఉంది. పొద్దున్నే ఎవరి గుమ్మం ముందు వాళ్ళు ఊడ్చుకోవాలి, పక్కింటి వైపు ఇంకో జానెడు మేర ఊడవాలి. ఆ జానెడూ మానేస్తే పొగరు. మొత్తం ఊడ్చేస్తే, నీకు చేతకాదని మొహం మీద చెప్పినట్టు. ఊరగాయల కొట్టులో పనిచేసే నోబుకోకి ఇది ఉగ్గుపాలతో వచ్చిన విద్య.

పక్కింటి కినుయో గారికి ఎనభై దాటాయి. ఒంటరి మనిషి. ఆ ఆకురాలు కాలంలో మోకాళ్ళ నొప్పులతో బయటికి రాలేకపోయారు. గింకో చెట్టు ఆకులు ఆవిడ గుమ్మం ముందు పసుపుపచ్చగా పేరుకున్నాయి. చూడలేక నోబుకో అంతా ఊడ్చేసింది. మా సందులో జాలి కూడా అడిగి పడాలి.

మర్నాడు తెల్లవారకముందే కినుయో గారు లేచి తన గుమ్మంతోపాటు నోబుకో గుమ్మం కూడా ఊడ్చారు. తీసుకున్న సాయం తిరిగి ఇచ్చేదాకా ఆవిడకి నిద్ర పడితేగా! ఆ ఊడవడంలోనే తడి ఆకుల మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు.

నోబుకో ఆసుపత్రికి వెళితే ముసలావిడే తల వంచారు.

"మీకు శ్రమ ఇచ్చానండీ. ఏమీ అనుకోకండి."

నాలుగు తిట్టి ఉంటే నోబుకో బతికిపోయేది. పాపం చేశానని ఇంటిదాకా ఏడుస్తూనే వచ్చింది.

కినుయో గారు చేతికర్రతో ఇంటికి వచ్చాక నోబుకో ఊడవడం మానేసింది. రెండు గుమ్మాల ముందూ ఒకేలా చెత్త ఉంటే ముసలావిడని ఎవరూ వేలెత్తి చూపరు కదా. ఎదురింట్లో ఉండే నాకు నోరు ఊరుకోదు.

"ఏం నోబుకో గారూ, చీపురు అరిగిపోయిందా?"

"నడుం నొప్పండీ."

రోజంతా ఊరగాయ తొట్ల మీద బరువుకి రాళ్ళెత్తి పెట్టే మనిషికి నడుం నొప్పట! నేను నమ్మినట్టు తలూపాను.

ఒక పొద్దున కినుయో గారు గుమ్మంలో పీట వేసుకుని, చిన్న చీపురుతో అందినంత మేర ఊడుస్తూ కనిపించారు. అప్పుడే నోబుకో కొట్టుకి బయల్దేరింది.

"మీకూ నడుం పట్టేసిందటగా," అంటూ ఆవిడ ఒరిగి, నోబుకో వైపు జానెడు నేల శుభ్రం చేశారు.

నోబుకో లోపలికెళ్ళి కళ్ళు తుడుచుకుని చీపురు తెచ్చింది. తనవైపంతా ఊడ్చి, ఆవిడ వైపు జానెడు దాకా వచ్చి ఆగింది. ఆ అవతల ఆకులు ఇంకా చాలా ఉన్నాయి. వాటిని వదిలేసి కొట్టుకి వెళ్ళిపోయింది.