గోవిందరాజన్ మామ వరసలు

గోవిందరాజన్ ఏడాదికోసారి కొండల్లో నడకకు పోయేది ఊరికే తిండి దొరుకుతుందనే. ఆర్.ఎస్. పురంలో ఆయన వీధంతా చెప్పుకునే మాట ఇది. తెలియని మనిషి కనబడితే చాలు, ఊరడిగి, ఇంటిపేరడిగి, వరస కలిపేస్తాడు. వరస కలిసినాక కాఫీ ఇవ్వకుండా ఎవరు పంపుతారు? కాఫీ తాగిన మనిషికి నాలుగు మెతుకులు సోరు పెట్టకుండా ఎవరుంటారు? మిగిలింది మూటగట్టుకొని రావడానికే వీపున అంత పెద్ద సంచి. ఇదీ ఎదురింటి రాజమ్మాళ్ తీర్పు.

ఆ సంచి కుట్టింది అదే వీధిలో ఉండే నిత్య. తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మకు జబ్బు చేసి బడి మానేసినప్పటి నుంచి ఆమె ఇంట్లోనే మిషను కుడుతోంది. మాట తక్కువ, చూపు ఎక్కువ. మామ లారీ తార్పాలిన్ తెచ్చి, "లోపల మనిషి కూర్చునేంత కుట్టు పాపా" అన్నప్పుడు ఎందుకని అడగాలనుకుంది. నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నిత్య మాటలు చాలావరకు అక్కడే ఆగిపోతాయి.

ఈ ఏడు మామ వెంట రాజమ్మాళ్ కొడుకు నవనీతకృష్ణన్ కూడా బయలుదేరినాడు. అతని పెళ్ళాం బృంద నిత్యకు అక్క. "ఇల్లు, మిషను తప్ప అది ఏమి చూసింది?" అని బృంద చెల్లెల్ని కూడా లాక్కొచ్చింది. బోడినాయకనూరు పై కొండల్లో, ఏలకి తోటల నడుమ, ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు నడక.

కొండబస్సులోనే మొదలైంది.

"తంబీ, ఏ ఊరు?" అని మామ కండక్టర్ని అడిగినాడు.

"కంబం పక్కన సార్."

"మాట చూస్తే మన తెలుగోళ్ళే. ఇంటిపేరు?"

"జొన్నలోళ్ళు."

మామ కళ్ళు మూసుకొని కొంచెంసేపు పెదవులు కదిపినాడు. "మా అమ్మమ్మ అక్కను కంబానికే ఇచ్చినారు. ఆ లెక్కన మీ అమ్మ నాకు చెల్లెలు. నేను నీకు మామ."

"సరి మామా. నాలుగు టిక్కెట్లు తీయండి. మామలకూ అదే రేటు."

నడక మొదలైనాక టీకొట్టు ఆయన తల్లి కూడా చెల్లెలే అయింది. చెరువు గేటు దగ్గర వాచ్‌మన్ తల్లీ అంతే. జీపు తోలే జెబరాజ్‌కు ఇంటిపేరే లేదు. "లేకపోతే ఏమి? ఊరుంది కదా" అని మామ అతని ఊరికీ అమ్మమ్మ అక్కను పంపించినాడు.

"మామా, ఆ అక్కను ఎన్ని ఊళ్ళకు ఇచ్చినారు?" అని బృంద అడిగింది.

"పెద్ద కుటుంబం బృందా."

"సరే, ఏ దారిన లెక్కేసినా కడకు నువ్వు మామవే అవుతావే. ఒక్కసారన్నా తమ్ముడో, అల్లుడో కావేమి?"

"మామకైతే ముందు ఆకు వేస్తారు కదా" అని నవనీతన్ మెల్లగా అన్నాడు. "మా అమ్మ ఊరికే చెప్పలేదు."

నవనీతన్ సెల్లులో దారి చెప్పే ఆడగొంతును కూడా మామ వదల్లేదు. "ఈయమ్మది ఏ ఊరు?" అన్నాడు. అది మిషనని నవనీతన్ చెప్తే, "మిషనైతే ఏమి, గొంతు ఇచ్చిన పిల్ల ఒకతె ఉంటుంది కదా" అన్నాడు. తడి గడ్డిలో జలగ ఒకటి ఆయన కాలు పట్టుకుంటే ఉప్పు వేసి లాగుతూ, "పోనీలే, నా రక్తం తాగినాది. ఇంక ఇదీ సొంత చుట్టమే" అన్నాడు.

దారిలో ఎస్టేటు ఇళ్ళు వచ్చినప్పుడల్లా, "మీరు నడవండి, నేనొస్తా" అని మామ పక్కకు పోయేవాడు. మళ్ళీ కలుసుకునేటప్పటికి ఏదో ఒకటి నములుతుండేవాడు. నవనీతన్ బృంద వైపు చూసి కన్నుకొట్టేవాడు. నిత్య మాత్రం సంచి వైపు చూసేది. బోడినాయకనూరులో మామ తలకంటే ఎత్తుగా నిలబడిన సంచి, రెండో చెరువు దగ్గరికి వచ్చేసరికి చెవుల కిందికి దిగింది. తను వేసిన కుట్లు బిగువు వదిలి ముడతలు పడుతున్నాయి. తిండి మూటగట్టేవాడి సంచి పెరగాలి కదా అనుకుంది.

మర్నాడు పొద్దున్నుంచే వాన. చెరువేదో, మబ్బేదో తెలియలేదు. నవనీతన్ ఆన్‌లైన్‌లో కొన్న సంచిలోకి నీళ్ళు పోవని కంపెనీ చెప్పింది. పోయిన నీళ్ళు బయటికి రావని చెప్పలేదు. బృంద సంచీ, నిత్య సంచీ అడుగుదాకా నానిపోయినాయి. మధ్యాహ్నానికి నిత్య పెదవులు నల్లబడినాయి. చలిగా ఉందని ఆమె అనలేదు. పళ్ళు మాత్రం వాటంతట అవే కొట్టుకుంటున్నాయి. మామ వెనక్కి తిరిగి ఆమెను చూసినాడు. అప్పటినుంచి వరసలు మాని అడుగులు పెద్దవి చేసినాడు.

ఏలకులు ఎండబెట్టే స్టోరు ఒకటి కనబడింది. పొగగొట్టం నుంచి పొగ వస్తోంది. తలుపు దగ్గర ఒక ఆడమనిషి అడ్డంగా నిలబడింది. పేరు కాళియమ్మాళ్. తెలుగు రాదు. మామ తమిళంలోకి మారినాడు.

"తెలియనోళ్ళను లోపలికి విడవద్దని ఓనర్ మాట" అన్నదామె. "సరుకు ఉంది. నా పని పోతుంది."

"తెలియనోళ్ళను కదా వద్దన్నాడు. నీ ఊరేది?"

"మేలూరు."

బృంద కళ్ళు మూసుకుంది. అమ్మమ్మ అక్క మేలూరికి కూడా కోడలైంది.

"మీరు తెలుగోళ్ళు, మేము తమిళోళ్ళం. ఎట్లా కుదురుతుంది అయ్యా?"

కుదరలేదు. మామ ఇంకో రెండు దారులు వెదికినాడు. రెండూ మూసుకుపోయినాయి. ఆయన వరస కలపలేకపోవడం నిత్య ఎప్పుడూ చూడలేదు. వాన చూరు నుంచి ధారగా కారుతోంది. మామ తల గోక్కున్నాడు.

"నీకు అన్న ఉన్నాడా అమ్మా?"

"లేడు."

"తమ్ముడు?"

"లేడు. మా పాప వళ్ళికి చెవులు కుట్టాలన్నా, ఒళ్ళో కూర్చోబెట్టుకోవడానికి మేనమామ లేకపోయినాడు."

"ఆ చోటు ఖాళీగానే ఉండాది కదా. నేను కూర్చుంటా. ఇంక నేను తెలియనోడినా?"

కాళియమ్మాళ్ ఆయన్ను కిందినుంచి పైదాకా చూసింది. తర్వాత నిత్య పెదవులను చూసింది. నవ్వు ఆపుకుంటూ తలుపు తీసింది. కాసేపటికి నలుగురి ముందూ వేడి బియ్యపు కంజి వచ్చింది. ముందు మామకే. నవనీతన్ మళ్ళీ కన్నుకొట్టినాడు.

"దీనికి పొడిబట్ట కావాల" అన్నది బృంద. "మామా, నీ సంచొకటే తడవలేదు. తెరువు."

"దాంట్లో మనకు పనికొచ్చేది ఏమీ లేదు" అని నసిగినాడు మామ. నిత్య పళ్ళ చప్పుడు విని మూతి తాడు విప్పినాడు.

పాత్రలు లేవు. తిండి లేదు. పట్టు పావడా గుడ్డలు, గాజుల అట్టపెట్టెలు, బడిసంచి ఒకటి, వెండి పట్టీలు. వేరువేరు తువ్వాళ్ళలో మూటలు. మేనమామ పళ్ళెంలో పెట్టి తెచ్చే సీరు, సారె అంతా అక్కడుంది. నవనీతన్ కంజి గిన్నె కింద పెట్టేసినాడు. మామ దొంగలా దొరికిపోయి, ఆకుపచ్చ చీర ఒకటి లాగి నిత్యకు ఇచ్చినాడు.

"ఇది ఎవరిది మామా?" చలికో దేనికో నిత్య నోటినుంచి మాట వచ్చేసింది.

"పై చెరువు కాడ పోయిన ఏడు వరస కుదిరిన పిల్ల ఉండాది. దాని పెళ్ళికి. పట్టీలు ఉన్నాయిలే, అది ఏమీ అనుకోదు. నువ్వు కట్టుకో. నీకు మాత్రం నేను ఎవరు?"

చిన్నమ్మాయి వళ్ళి తలుపు వెనకనుంచి తొంగిచూసింది. మామ ఆమెకు ఒక గాజుల పెట్టె తీసి, "సంచిలో ఏముందో వీధిలో చెప్పవద్దు నవనీతా" అన్నాడు. "ఇచ్చేవాడని పేరొస్తే వీళ్ళు నన్ను సార్ అంటారు. మామ అనరు."

తిరిగొచ్చినాక రాజమ్మాళ్ వాకిట్లోనే పట్టుకుంది. "ఏమే, ఈసారి ఏమేమి నింపుకొని వచ్చినాడు ఆ మహానుభావుడు?"

నవనీతన్ దగ్గినాడు. బృంద చెప్పుల వార్లు విప్పుకుంటూ కూర్చుంది. లోపల ఏముందో చెప్పవద్దన్నాడు మామ. సంచి గురించి చెప్పవద్దనలేదు. నిత్య గొంతు సవరించుకుంది.

"అత్తా, ఆ సంచి కుట్టింది నేనే. పైకి పోయేటప్పుడు దాని మూతి తాడు ముడి పడలేదు. దిగేటప్పుడు మామ దాన్ని మడిచి చంకలో పెట్టుకున్నాడు."